హాస్పిటల్ మేనేజ్‌మెంట్ చదవాలా? నెల్లూరు, ఒంగోలు పిల్లలు తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంటర్ రిజల్ట్స్ వచ్చిన వారం ఒకసారి, డిగ్రీ ఆఖరి సెమిస్టర్ అయిపోయాక ఒకసారి, ఏడాదిలో ఈ రెండు సీజన్లలో నా ఫోన్‌కి తెరిపి ఉండదు. "అక్కా, మీ పిన్ని వాళ్ల పక్కింట్లో ఉంటాం" అని ఒకరు, "మేడం, మావాడి డిగ్రీ అయిపోయింది, మీ లైన్‌లో ఏమన్నా ఉందా" అని ఇంకొకరు. అడిగేవి ఇంచుమించు అవే ప్రశ్నలు, నేను చెప్పేవీ అవే జవాబులు, అందుకని ఒకచోట రాసి పెడుతున్నా. నా సంగతి రెండు ముక్కల్లో: నెల్లూరులో ఒక ప్రైవేటు హాస్పిటల్ బిల్లింగ్ కౌంటర్లో మొదలుపెట్టా, మధ్యలో వెళ్లి పీజీ చేసొచ్చా, ఇప్పుడు ఆపరేషన్స్ చూస్తున్నా. ఏ కాలేజీ తరఫునా రాయడం లేదు కాబట్టి కొన్ని జవాబులు చేదుగానే ఉంటాయి.

ఇది ఏం చదువు? చదివితే డాక్టర్ అవుతామా?

అవ్వరు. నర్సు కూడా అవ్వరు. హాస్పిటల్‌ని నడిపే పని నేర్పే చదువు ఇది. ఆపరేషన్ చేసేది డాక్టరే, కానీ ఆ థియేటర్‌కి ఆక్సిజన్ ఆగకుండా చూసేదెవరు, రాత్రి రెండింటికి జనరేటర్ మొరాయిస్తే ఎవరికి ఫోన్ పోతుంది, స్టెంట్ ఏ ధరకి కొన్నారు, బిల్లు మీద గొడవైతే ఎవరు బయటికొచ్చి మాట్లాడతారు, ఇన్సూరెన్స్ వాడు డబ్బు ఎందుకు కోశాడు, ఇవన్నీ చూసే మనుషులు కావాలి కదా. ఆ మనుషుల చదువు. మా అమ్మకి ఇన్నేళ్లయినా అర్థం కాలేదు, ఎవరన్నా అడిగితే "హాస్పిటల్లో చేస్తాది" అని గమ్మున ఊరుకుంటుంది.

ఎంహెచ్ఏ, ఎంహెచ్ఎం, ఎంబీఏ హాస్పిటల్ మేనేజ్‌మెంట్, పీజీ డిప్లొమా... ఇవన్నీ ఒకటేనా?

దాదాపు ఒకటే. ఎంహెచ్ఏ అంటే మాస్టర్ ఆఫ్ హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్, ఎంహెచ్ఎం అంటే మాస్టర్ ఆఫ్ హాస్పిటల్ మేనేజ్‌మెంట్, ఎంబీఏలో అయితే ఫైనాన్స్, హెచ్ఆర్ లాగా ఇదొక స్పెషలైజేషన్. ఉద్యోగానికి వెళ్లినప్పుడు ఈ పేర్ల తేడా ఎవరూ పట్టించుకోరు. పట్టించుకునేది రెండే, డిగ్రీ ఇచ్చింది యూజీసీ గుర్తింపు ఉన్న యూనివర్సిటీయా కాదా, ఇంటర్న్‌షిప్ నిజంగా హాస్పిటల్లో చేశావా సర్టిఫికెట్ మాత్రం తెచ్చుకున్నావా. బెడ్ మేనేజ్‌మెంట్ గురించి రెండు ప్రశ్నలు వేస్తే రెండో విషయం అక్కడికక్కడే బయటపడుతుంది.

ఎండీ హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్ అని ఇంకొకటి ఉంది, ఢిల్లీ ఎయిమ్స్ లాంటి చోట్ల. అది ఎంబీబీఎస్ అయినవాళ్లకే, మనకి కాదు.

ఇంటర్ అయిపోగానే నేరుగా చేరొచ్చా?

చేరొచ్చు, బీబీఏలో హెల్త్‌కేర్ మేనేజ్‌మెంట్ పేరుతో మూడేళ్ల కోర్సులు ఉన్నాయి. కానీ నా మాట వింటే డిగ్రీ స్థాయిలోనే ఇందులోకి దూరొద్దు. మామూలు బీకామో, బీఎస్సీయో, నర్సింగో, బీఫార్మసీయో చేసి, తర్వాత పీజీలో ఇటు రండి. పద్దెనిమిదేళ్లకి హాస్పిటల్ పని నచ్చుతుందో లేదో తెలియదు, నచ్చకపోతే బీకామ్ వాడికి వేరే దారులు ఉంటాయి. ఒట్టి బీబీఏ హెల్త్‌కేర్‌తో ఆపేసినవాళ్లు మా దగ్గర ఫ్రంట్ ఆఫీసులోనే చేరుతున్నారు, అదే సీట్లో ఏ డిగ్రీ అయినా ఉన్నవాళ్లు కూడా కూర్చుంటున్నారు.

బైపీసీ ఉండాలా? నాది సీఈసీ.

అక్కర్లేదు. బిల్లు లెక్కలు, ఆడిట్ విషయంలో కామర్స్ పిల్లలే ముందుంటారు. మెడికల్ పదాలు ఆర్నెల్లు వార్డుల్లో తిరిగితే వచ్చేస్తాయి.

నీట్ రెండుసార్లు రాశా, రాలేదు. ఇందులో చేరితే హాస్పిటల్లోనే ఉన్నట్టు ఉంటుందని...

ఈ ప్రశ్న ఎక్కువగా అమ్మానాన్నల నుంచి వస్తుంది. నెల్లూరు, ఒంగోలు కోచింగ్ హాస్టళ్లలో రెండేళ్లు, మూడేళ్లు గడిపి అలిసిపోయిన పిల్లలు వీళ్లు, వాళ్లని చూస్తే జాలేస్తుంది కూడా. కానీ డాక్టర్ కాలేకపోయానన్న బాధతో ఇక్కడికి వస్తే రోజూ ఆ బాధ మీదే ఉప్పు చల్లినట్టు ఉంటుంది, ఎందుకంటే ఇక్కడ నిన్న డ్యూటీలో చేరిన హౌస్ సర్జన్ కూడా నీకంటే పెద్దే. మీరు చెప్పింది సరైనదే అయినా పెద్ద డాక్టర్ గారు కాదంటే మొదట ఆయన మాటే చెల్లుతుంది, తర్వాత మెల్లగా ఫైల్ పట్టుకుని లెక్కలు చూపించి ఒప్పించుకోవాలి. ఆ ఓపిక ఉంటే రండి. మనుషులతో మాట్లాడటం, లెక్క చూడటం, గొడవ చల్లార్చడం ఇష్టమైతే ఇంకా రండి. తెల్ల కోటు కోసం అయితే మాత్రం వద్దు, మాకు కోటు ఇవ్వరు.

నెల్లూరులోనో, ఒంగోల్లోనో చదవొచ్చా? బయటికి పోవాలా?

మన జిల్లాల్లో రెండు ప్రభుత్వ యూనివర్సిటీలు ఉన్నాయి. నెల్లూరు దగ్గర కాకుటూరులో విక్రమ సింహపురి యూనివర్సిటీ, 2008లో వచ్చింది. ఒంగోల్లో నాగార్జున యూనివర్సిటీ పీజీ సెంటర్ కాస్తా 2022లో ఆంధ్ర కేసరి యూనివర్సిటీ అయింది. ఇంటి దగ్గర నుంచి తక్కువ ఖర్చుతో మామూలు ఎంబీఏ చేసి, ప్రాజెక్టు వర్క్ మాత్రం పట్టుబట్టి హాస్పిటల్లో చేసినవాళ్లు నాకు తెలుసు, వాళ్లేమీ వెనకపడలేదు. ఏ కాలేజీలో ఏ స్పెషలైజేషన్ ఉందో మాత్రం ఆ సంవత్సరం కౌన్సెలింగ్ జాబితాలోనే చూసుకోండి, పోయినేడు ఉన్నది ఈ ఏడు ఉంటుందన్న గ్యారంటీ లేదు.

ప్రత్యేకంగా హాస్పిటల్ కోర్సే కావాలంటే బయటికి పోవాలి. హైదరాబాద్‌లో అపోలో వాళ్ల హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్ ఇన్‌స్టిట్యూట్ ఉంది, డిగ్రీ ఉస్మానియాది. నిమ్స్‌లో ఎంహెచ్ఎం ఉంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో హెల్త్‌కేర్, హాస్పిటల్ మేనేజ్‌మెంట్ ఎంబీఏ ఉంది. ముంబైలో టిస్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్), ఈ రంగంలో పాత పేరు, బాగా గట్టి పోటీ. జైపూర్‌లో ఐఐహెచ్ఎంఆర్, 1984 నుంచి ఉంది, అక్కడ ఒక్క హాస్పిటలే కాకుండా గ్రామీణ ఆరోగ్యం, పథకాలు, సర్వేల వైపు కూడా పిల్లలు వెళ్తారు. పూణేలో సింబయాసిస్, కర్ణాటకలో మణిపాల్ కూడా ఉన్నాయి.

నెల్లూరు పిల్లలకి నేను చెన్నై కూడా చూడమంటా. పినాకిని రైలు ఎక్కితే మధ్యాహ్నం భోజనం వేళకి దిగొచ్చు, శ్రీరామచంద్ర లాంటి పెద్ద మెడికల్ యూనివర్సిటీలో చదివితే క్లాసు రూం పక్కనే హాస్పిటల్ ఉంటుంది. పైగా మనవాళ్లు ఏ పెద్ద జబ్బు వచ్చినా చెన్నై, వెల్లూరు పరిగెత్తేవాళ్లే కాబట్టి అక్కడి హాస్పిటళ్లకి తెలుగు మాట్లాడే కోఆర్డినేటర్ల అవసరం ఎప్పుడూ ఉంటుంది. తెలుగు, కొంచెం అరవం వచ్చి, ఇంగ్లిష్‌లో మెయిల్ రాయగలిగితే సగం ఇంటర్వ్యూ అయిపోయినట్టే.

ఏ ఎంట్రన్స్ రాయాలి?

మన రాష్ట్ర కాలేజీలకి ఏపీ ఐసెట్. 200 ప్రశ్నలు, 200 మార్కులు, రెండున్నర గంటలు, నెగెటివ్ మార్కులు లేవు. అర్హత మార్కు 25 శాతం, అంటే 50, ఎస్సీ, ఎస్టీలకి ఆ కనీస మార్కు కూడా లేదు. డిగ్రీలో 50 శాతం ఉండాలి, రిజర్వేషన్ వాళ్లకి 45. అర్హత రావడం తేలికే, మంచి కాలేజీకి ర్యాంకు రావాలి కాబట్టి తేలిగ్గా తీసుకోవద్దు. బయటి సంస్థలకి వేరే వేరే పరీక్షలు, సింబయాసిస్‌కి స్నాప్ లాగా. కొన్నిచోట్ల సొంత పరీక్ష, ఇంటర్వ్యూ ఉంటాయి.

ఫీజు ఎంత అవుతుంది? రీయింబర్స్‌మెంట్ వస్తుందా?

ప్రభుత్వ యూనివర్సిటీ క్యాంపస్‌లో వేలల్లో తేలిపోయేది, పెద్ద నగరాల ప్రైవేటు సంస్థల్లో లక్షల్లో ఉంటుంది. రీయింబర్స్‌మెంట్ గురించి కాలేజీ పీఆర్వో నోటి మాట నమ్మొద్దు. 2020లో జీవో 77 వచ్చి ప్రైవేటు కాలేజీల పీజీ కోర్సులకి ఆపేశారు, అప్పుడు మధ్యలో ఇరుక్కుపోయిన పిల్లల్ని చూశా నేను. మీరు చేరే ఏడాది నిబంధన ఏమిటో కాగితం మీద చూసి చేరండి. లోన్ తీసుకోవాలంటే విద్యాలక్ష్మి పోర్టల్‌లో దరఖాస్తు పెట్టొచ్చు, క్రెడిట్ గ్యారంటీ పథకం కింద 7.5 లక్షల వరకు తాకట్టు లేకుండా ఇస్తారు. అయితే ముందు కింద జీతం ప్రశ్న చదివి, తర్వాత లోన్ గురించి ఆలోచించండి. పది లక్షల అప్పు చేసి ఈ చదువు చదవడం నాకైతే సబబు అనిపించదు.

రోజంతా ఏం పని ఉంటుంది? ఏసీ గదిలో కూర్చోవడమేనా?

ఏసీ ఉంటుంది, కూర్చోవడం ఉండదు. ఒక్క డిస్చార్జి సంగతి చెప్తా, మిగతాది మీకే అర్థమవుతుంది.

ఉదయం పదిన్నరకి రౌండ్స్‌లో డాక్టర్ గారు "ఇంక ఇంటికి పోవచ్చు పెద్దాయనా" అంటారు. అంతే, వెంట వచ్చినవాళ్లు సంచులు సర్దేస్తారు, ఫ్లాస్కు కడిగేస్తారు, కావలి నుంచి కారు బయల్దేరిపోతుంది. వాళ్ల దృష్టిలో పని అయిపోయింది. మాకు అప్పుడే మొదలు. డ్యూటీ డాక్టర్ డిస్చార్జి సమ్మరీ రాయాలి, ఆయనేమో క్యాజువాలిటీలో యాక్సిడెంట్ కేసు చూస్తుంటాడు. వాడని ఇంజెక్షన్లు, సెలైన్లు ఫార్మసీకి తిరిగి ఇచ్చి రిటర్న్ వేయాలి, లేకపోతే వాడనివాటికి కూడా డబ్బు పడుతుంది. నిన్న సాయంత్రం పంపిన కల్చర్ రిపోర్టు రాలేదు. గుండె డాక్టర్ వచ్చి చూసిపోయిన ఫీజు సిస్టమ్‌లో ఎక్కలేదు. ఇవన్నీ అయ్యాక ఫైనల్ బిల్లు, అది ఇన్సూరెన్స్ డెస్కు నుంచి టీపీఏకి, అంటే ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున క్లెయిమ్‌లు చూసే మధ్య సంస్థకి పోతుంది. అక్కడి నుంచి గంట తర్వాత ఒక క్వెరీ వస్తుంది, పేషెంటుకి బీపీ ఎప్పటి నుంచి ఉంది, మొట్టమొదట చూపించుకున్న చీటీ పంపండి అని. ఆ చీటీ కావలిలో బీరువాలో చీరల కింద ఉంటుంది. కోడలికి ఫోన్ చేసి, వెతికించి, ఫొటో తెప్పించి, మసకగా ఉందని మళ్లీ తీయించి పంపేసరికి మధ్యాహ్నం మూడు. పెద్దాయనకి షుగర్, మళ్లీ భోజనం పెట్టించాలి. బెడ్డు కోసం క్యాజువాలిటీలో ఇంకొకరు స్ట్రెచర్ మీద ఎదురుచూస్తుంటారు.

2024 మే 29న ఇన్సూరెన్స్ కంపెనీల నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం క్యాష్‌లెస్ (బిల్లు కంపెనీయే నేరుగా హాస్పిటల్‌కి కట్టేది) అయితే మొదటి అనుమతి గంటలో, డిస్చార్జి అనుమతి మూడు గంటల్లో ఇన్సూరెన్స్ కంపెనీ ఇచ్చి తీరాలి, ఆలస్యం వల్ల హాస్పిటల్ వేసే అదనపు ఛార్జీ కంపెనీయే భరించాలి. కానీ ఆ మూడు గంటలు మొదలయ్యేది మనం అన్ని కాగితాలూ సరిగ్గా పంపాక. కాబట్టి మేనేజర్ పని ముందు రోజు సాయంత్రమే మొదలవ్వాలి: రేపు ఎవరు వెళ్లొచ్చో డాక్టర్‌ని అడిగి జాబితా వేయడం, సమ్మరీ రాత్రే డ్రాఫ్ట్ చేయించడం, ఫార్మసీ రిటర్న్ రాత్రే వేయించడం, పాత చీటీలు అడ్మిషన్ అప్పుడే అడిగి ఫైల్లో పెట్టడం. క్లాసులో టర్న్ అరౌండ్ టైమ్, బెడ్ ఆక్యుపెన్సీ, యావరేజ్ లెంగ్త్ ఆఫ్ స్టే అని సూత్రాలు రాయిస్తారే, అవన్నీ ఆ కావలి కారు మధ్యాహ్నానికి తిరిగి పోతుందా, రాత్రికి పోతుందా అన్నదే.

నా తప్పు కూడా ఒకటి చెప్తా. ఇన్సూరెన్స్ డెస్కులో ఉన్న కొత్తలో ఒక శనివారం రాత్రి ఎన్‌హాన్స్‌మెంట్ పంపడం మర్చిపోయా. అంటే 40 వేలకి అనుమతి వచ్చింది, బిల్లు 90 దాటుతోంది, మిగతాదానికి మళ్లీ అడగాలి, అడగలేదు. సోమవారం ఆ ఇంటాయన కౌంటర్ ముందు నిలబడి "మరి క్యాష్‌లెస్ అన్నారు కదమ్మా" అన్నాడు, కోపంగా కూడా కాదు. ఆ రోజు సాయంత్రం దాకా టీపీఏ వాళ్లతో ఫోన్లో కొట్లాడి తెప్పించా కానీ, అప్పటి నుంచి శనివారం రాత్రి జాబితా రెండుసార్లు చూడకుండా ఇంటికి పోయింది లేదు.

ఆరోగ్యశ్రీ పని కూడా మనమే చూడాలా?

మన జిల్లాల హాస్పిటల్లో పని చేస్తే తప్పదు, చాలాచోట్ల సగం వార్డు అదే. 2007 ఏప్రిల్‌లో మూడు జిల్లాల్లో మొదలై రాష్ట్రమంతా పాకింది, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు, జనం మాత్రం ఇప్పటికీ ఆరోగ్యశ్రీ అనే అంటారు. ప్రతి జబ్బుకీ ఒక ప్యాకేజీ, ఒక కోడ్, ముందస్తు అనుమతి, ఫొటోలు, రిపోర్టులు, డిస్చార్జి అయ్యాక క్లెయిమ్. ఒక్క రిపోర్టు తప్పు అప్‌లోడ్ అయినా క్లెయిమ్ ఆగుతుంది. కేంద్రం పథకం ఆయుష్మాన్ భారత్ 2018లో వచ్చింది, కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు. బకాయిలు పేరుకుపోయి నెట్‌వర్క్ హాస్పిటళ్లు సేవలు ఆపేసిన వార్తలు పేపర్లో చూసే ఉంటారు, అలాంటి నెలల్లో జీతాలు ఎలా ఇవ్వాలి, మందుల సప్లయర్‌ని ఎలా ఆపాలి అన్నది కూడా ఈ ఉద్యోగమే. ఈ క్లెయిమ్‌ల పని బాగా తెలిసిన మనిషిని ఏ హాస్పిటలూ వదులుకోదు. కాలేజీలో దీని గురించి రెండు పేజీలు చెప్తే గొప్ప.

క్వాలిటీ డిపార్ట్‌మెంట్ అంటారు, అది ఏమిటి?

ఎన్ఏబీహెచ్ అని బోర్డు మీద ముద్ర చూసి ఉంటారు, క్వాలిటీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా కింద 2005లో ఏర్పడిన గుర్తింపు సంస్థ అది. ఆ గుర్తింపు తెచ్చుకోవడం, నిలబెట్టుకోవడం క్వాలిటీ వాళ్ల పని. చేతులు కడుక్కుంటున్నారా, మందు పేరు తప్పు రాశారా, పేషెంటు జారి పడ్డాడా, ఇవన్నీ నెలనెలా లెక్క పెడతారు. చెత్త కూడా చూస్తారు, 2016 బయోమెడికల్ వేస్ట్ నిబంధనల ప్రకారం కట్లు, రక్తం అంటిన దూది పసుపు సంచిలో, ప్లాస్టిక్ ట్యూబులు ఎర్ర సంచిలో, సూదులు తెల్ల డబ్బాలో, గాజు నీలం డబ్బాలో, శుద్ధి చేయని వ్యర్థం 48 గంటలకి మించి దాచకూడదు. చదివితే సులువే, రాత్రి మూడింటికి ఐసీయూలో హడావుడిలో ఉన్న నర్సమ్మ చేత అలాగే చేయించడమే కష్టం. గుర్తింపుకి డబ్బు విలువ కూడా ఉంది, కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల ఆరోగ్య పథకం సీజీహెచ్ఎస్ రేట్లలో ఎన్ఏబీహెచ్ ఉన్న హాస్పిటల్‌కి ఒక రేటు, లేనిదానికి అంతకంటే తక్కువ.

నర్సింగ్ చేసినవాళ్లు పీజీ చేసి ఈ డిపార్ట్‌మెంట్‌కి వస్తే బాగా పైకి వస్తారు. వార్డు వాళ్ల మాట వింటుంది.

మార్కెటింగ్ ఎగ్జిక్యూటివ్ ఉద్యోగం వచ్చింది, చేరనా?

ఏం చేయాలో అడిగి చేరు. హైదరాబాద్‌లో మార్కెటింగ్ అంటే కంపెనీలతో ఒప్పందాలు, హెల్త్ చెకప్‌లు, ప్రకటనలు. మన దగ్గర చాలాచోట్ల మార్కెటింగ్ అంటే బైకు. ఉదయం నెల్లూరు పోగతోటలో బయల్దేరి ఆత్మకూరు, ఉదయగిరి, లేదంటే ఒంగోలు నుంచి పొదిలి, కనిగిరి రోడ్డు పట్టుకుని ఊరూరా ఆర్ఎంపీలని కలవడం, డైరీలు, క్యాలెండర్లు ఇవ్వడం, కేసులు పంపమనడం. మెడికల్ క్యాంపులు పెట్టడం, ఊరి డాక్టర్ పంపిన పేషెంటుకి ఏం చేశారో తిరిగి అతనికి చెప్పడం, అంతవరకు మంచి పనే, ఊళ్లు తెలుస్తాయి, మనుషులు తెలుస్తారు. కానీ కేసుకింత అని కమీషన్ లెక్క మొదలైతే అది వేరే కథ. డాక్టర్లు రిఫరల్‌కి కమీషన్ ఇవ్వకూడదు, తీసుకోకూడదు అని 2002 మెడికల్ కౌన్సిల్ నిబంధనల్లోనే ఉంది. ఆ కవరు చివరికి పేషెంటు బిల్లులోంచే వస్తుంది, బిల్లింగ్‌లో కూర్చున్నదాన్ని కాబట్టి చెప్తున్నా. ఇంటర్వ్యూలోనే మర్యాదగా అడగండి, "సార్, నా టార్గెట్ ఎలా లెక్కేస్తారు?" అని. జవాబు నీళ్లు నమిలినట్టు ఉంటే లేచి వచ్చేయండి.

జీతం?

నేను చూసినంతలో, మన టౌన్ హాస్పిటళ్లలో పీజీ చేసి కొత్తగా చేరినవాళ్లకి 15 నుంచి 20 వేల మధ్య ఇస్తున్నారు. హైదరాబాద్, చెన్నై, బెంగళూరు కార్పొరేట్‌లలో 20 నుంచి 30 వేలు, అందులో రూము అద్దె, మెస్సు పోతే మిగిలేది ఇంచుమించు ఒకటే. పేరున్న సంస్థల్లో చదివి కన్సల్టింగ్, ఇన్సూరెన్స్, హెల్త్ సాఫ్ట్‌వేర్ కంపెనీల వైపు వెళ్లినవాళ్లు ఎక్కువే తెచ్చుకుంటారు, కానీ వాళ్లని చూపించి అందరికీ అంతే అని చెప్పే బ్రోచర్లు నమ్మొద్దు. మొదటి రెండు మూడేళ్లు సాఫ్ట్‌వేర్‌లో ఉన్న మీ ఫ్రెండు జీతం అడక్కండి, మనశ్శాంతి పోతుంది. ఆ తర్వాత పెరిగేది మాత్రం డిపార్ట్‌మెంట్ మారేవాళ్లకే పెరుగుతుంది: బిల్లింగ్, ఇన్సూరెన్స్, ఆపరేషన్స్, క్వాలిటీ, పర్చేజ్ ఇలా మూడు నాలుగు చోట్ల పని చేసినవాడే యూనిట్ హెడ్ దాకా పోతాడు. ఐదేళ్లు ఒకే ఫ్రంట్ ఆఫీసు కుర్చీలో కూర్చుంటే జీతం కూడా అక్కడే కూర్చుంటుంది.

ఆడపిల్లలకి బాగుంటుందా? నైట్ డ్యూటీలు ఉంటాయటగా.

ఉంటాయి. డ్యూటీ మేనేజర్ అంటే రాత్రంతా హాస్పిటల్‌కి పెద్ద దిక్కు మీరే. మందు తాగొచ్చి అరిచేవాళ్లు, చనిపోయిన మనిషి తాలూకు బంధువుల కోపం, మెడికో లీగల్ కేసులో పోలీసులకి సమాచారం, చెప్పినా వినకుండా సంతకం పెట్టి పేషెంటుని తీసుకుపోతామనేవాళ్లు, అన్నీ రాత్రే. నేను రెండేళ్లు చేశా. చేరేముందు రాత్రి సెక్యూరిటీ ఎంతమంది, ఇంటికి క్యాబ్ ఇస్తారా, రాత్రి ఆపదలో ఎవరికి ఫోన్ చేయాలి, ఈ మూడు అడగండి. ఇవి అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడొద్దు, మంచి హాస్పిటల్ వాళ్లు వాళ్లే చెప్తారు. నైట్ కుదరదంటే మెడికల్ రికార్డ్స్, క్వాలిటీ, హెచ్ఆర్ లాంటివి పగటి పనులు.

గవర్నమెంట్ ఉద్యోగం వస్తుందా?

దీని కోసమే చదివేట్టయితే చదవొద్దు. ప్రభుత్వ హాస్పిటల్లో సూపరింటెండెంట్ కుర్చీ డాక్టర్‌ది. మనకి వచ్చేవి ఎక్కువగా నేషనల్ హెల్త్ మిషన్ లాంటి పథకాల్లో కాంట్రాక్టు పోస్టులు, జిల్లా స్థాయి ప్రోగ్రాం పనులు. హాస్పిటల్లో ఆరోగ్యశ్రీ పేషెంట్లకి సాయం చేసే వైద్య మిత్ర పోస్టులకి నర్సింగ్, ఫార్మసీ డిగ్రీలు అడిగిన నోటిఫికేషన్లు ఉన్నాయి, అర్హతలు చూడకుండా ఫీజు కట్టకండి.

మెడికల్ కోడింగ్ కూడా ఇదేనా?

కాదు. అది అమెరికా ఇన్సూరెన్స్ క్లెయిమ్‌ల కోసం, డాక్టర్ రాసిన నోట్స్ చదివి జబ్బుకీ చికిత్సకీ ఐసీడీ, సీపీటీ కోడ్‌లు వేసే పని. దానికి ఏఏపీసీ అనే అమెరికా కోడర్ల సంస్థ వాళ్ల సీపీసీ సర్టిఫికెట్ ఉంటుంది, కంపెనీలు చెన్నై, హైదరాబాద్‌లో ఉన్నాయి. లైఫ్ సైన్సెస్ పిల్లలకి త్వరగా సంపాదన కావాలంటే అదే నయం. కంప్యూటర్ ముందు పని, మనుషులు కనపడరు, కొందరికి అదే హాయి.

ఉద్యోగం చేస్తూ దూరవిద్యలో చేయొచ్చా?

ఇప్పటికే హాస్పిటల్లో ఉన్నవాళ్లయితే చేయండి, పని చేతిలో ఉంది, కాగితం కావాలి అంతే. ఇగ్నోలో హాస్పిటల్, హెల్త్ మేనేజ్‌మెంట్ పీజీ డిప్లొమా ఉంది, ఎవరికి సీటిస్తారో, ఎంత అనుభవం అడుగుతారో ప్రాస్పెక్టస్‌లో చూడండి. ఏ యూనివర్సిటీ అయినా యూజీసీ దూరవిద్య విభాగం జాబితాలో ఆ కోర్సు పేరుతో సహా ఉందో లేదో చూసుకున్నాకే డబ్బు కట్టండి. హాస్పిటల్ గడప తొక్కకుండా ఇంట్లో కూర్చుని దూరవిద్య డిగ్రీ తెచ్చుకుంటే మాత్రం ఉపయోగం తక్కువ.

తెలుగు మీడియం. ఇంగ్లిష్ భయం.

కేసు షీటు, మెయిల్, ఎక్సెల్ అన్నీ ఇంగ్లిష్‌లో, గొడవలన్నీ తెలుగులో. రెండూ కావాలి. ఇంగ్లిష్ అంటే గడగడా మాట్లాడటం కాదు, టీపీఏ క్వెరీకి నాలుగు వాక్యాల్లో తప్పుల్లేకుండా జవాబు రాయడం. ఎక్సెల్ నేర్చుకోండి. పీజీ చేసొచ్చి వీ-లుకప్, పివట్ తెలియదంటే మాకు కోపం వస్తుంది.

చేరే ముందు ఈ లైన్ నాకు పడుతుందో లేదో ఎలా తెలుస్తుంది?

ఒక సోమవారం పొద్దున తొమ్మిదింటికి నెల్లూరు పోగతోటలోనో, ఒంగోల్లోనో ఏదో ఒక రద్దీ హాస్పిటల్ ఓపీ హాల్లో వెనక కుర్చీలో కూర్చోండి, ఫోన్ జేబులో పెట్టేయండి. మధ్యాహ్నం దాకా చూడండి. టోకెన్ ఎక్కడ ఆగుతోంది, జనం ఒకే ప్రశ్న ఎవరిని పదిసార్లు అడుగుతున్నారు, వీల్ ఛైర్ దొరక్క ముసలామెని కొడుకు ఎత్తుకుని పోతున్నాడా, ల్యాబ్ బోర్డు కనపడక ఎంతమంది ఫార్మసీ దగ్గరికి పోయి తిరిగొస్తున్నారు. "ఆ బోర్డు ఇటు పెట్టొచ్చు కదా" అని మీకు చెయ్యి దురద పుడితే కోర్సులో చేరండి. పది నిమిషాలకే విసుగొచ్చి టీ కొట్టుకి పోయారంటే అదీ ఒక జవాబే, రెండేళ్ల ఫీజు మిగిలింది.

మీ హాస్పిటల్లో ఖాళీలు ఉన్నాయా? రెజ్యూమె పంపనా?

పంపండి, కానీ ఒక పేజీ. తండ్రి పేరు, మతం, హాబీలు వద్దు. ఇంటర్న్‌షిప్‌లో ఏ వార్డులో ఎన్ని రోజులు తిరిగావు, ఏం కొలిచావు, ఏం మారింది, ఆ మూడు లైన్లు పైన ఉండాలి. "హార్డ్ వర్కింగ్ అండ్ సిన్సియర్" అని రాసిన రెజ్యూమెలు నా డ్రాయర్లో ఇప్పటికే చాలా ఉన్నాయి.